కాదని వెళ్లిన సంఘం పుస్తకాల్లోనే: జర్మనీలో పుట్టిన లే ప్రీచర్ పూర్వీకులను వెతికే పద్ధతి

హనుమకొండ, కాజీపేట వైపు సంఘాల్లో వార్షికోత్సవ సంచికలు వేసేవారూ, మిషనరీ చరిత్ర మీద పరిశోధన చేసే విద్యార్థులూ నన్ను తరచుగా ఒక ప్రశ్న అడుగుతుంటారు. జర్మనీలో పుట్టి, రాజ్యం గుర్తించిన అధికార సంఘంతో (చర్చితో) విభేదించి, అభిషేకం పొందకుండానే వాక్యం చెప్పిన బోధకుడి (లే ప్రీచర్) తాత ముత్తాతలు ఎవరో ఇక్కడ కూర్చుని తెలుసుకోవడం సాధ్యమేనా అని. సాధ్యమే. అయితే మొదటి అడుగునే చాలామంది తప్పు దిక్కుకు వేస్తారు. ఆ బోధకుడు నెలకొల్పిన సంఘం రికార్డులను, శిష్యులు రాసిన జీవితచరిత్రలను ముందేసుకుంటారు. వాటిలో ఆయన ప్రార్థనలు, ప్రయాణాలు దొరుకుతాయి గానీ ఆయన అమ్మమ్మ పేరు దొరకదు. అలా విడిపోయిన డిసెంటర్ వంశం ఆయన కాదని వెళ్లిన సంఘం పుస్తకాల్లోనే ఉంటుంది. ఎందుకంటే పసివాడుగా ఆయనకు బాప్తిస్మం ఇచ్చిందీ, ఆయన తల్లిదండ్రుల పెళ్లి చేసిందీ, ఆయన తాతను మట్టిచేసిందీ ఆ సంఘమే.

మన ఉత్తర తెలంగాణలో వంశం చెప్పడానికి ప్రత్యేకంగా మనుషులే ఉన్నారు. పిచ్చకుంట్లవారు ఇంటి ముందు నిలబడి గోత్రాలు వరుసపెట్టి చెప్తారు, డక్కలివారు జాంబపురాణం పటం విప్పి తరాలు లెక్కపెడతారు. చేర్యాల నకాషీలు గీసిన పటాలు ఇలాంటి కథకుల కోసం పుట్టినవే. జర్మనీ పల్లెలో ఈ పని నోటితో కాక కలంతో జరిగింది, చేసినవాడు ఊరి పాదిరి. పిచ్చకుంట్లవారికి తమ పోషకుల వంశమే తెలిసినట్టు, పాదిరి పుస్తకంలోనూ తన సంఘానికి చెందినవారే కనిపిస్తారు. 1648 నాటి వెస్ట్‌ఫేలియా సంధి తరువాత జర్మన్ రాజ్యాల్లో కాథలిక్, లూథరన్, రిఫార్మ్‌డ్ అనే మూడు శాఖలకే చట్టబద్ధమైన గుర్తింపు మిగిలింది. వీటి బయట ఉన్నవారికి చాలాకాలం సొంత రిజిస్టర్ అనేదే లేదు.

ఎవరిని వెతుకుతున్నామో ముందు తేల్చుకోవాలి

‘జర్మన్ మిషనరీ’ అని మన పాత సంచికల్లో రాసిన ప్రతివాడూ జర్మనీలో పుట్టినవాడు కాదు. 1889లో ఇండియాకు వచ్చి నల్లగొండలో పనిచేసిన మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్ ఇంట్లో మాట్లాడింది జర్మనే, వేదాంతం చదివింది హాంబుర్గ్ బాప్టిస్టు సెమినరీలోనే, కానీ పుట్టింది రష్యా సామ్రాజ్యంలో మెనొనైట్ అనే ప్రొటెస్టెంట్ శాఖవారి వలస గ్రామాల్లో. అలాంటివారి పూర్వీకుల దారి రష్యా నుంచి విస్తులా నది డెల్టాకు, అక్కడి నుంచి నెదర్లాండ్స్ వైపుకు పోతుంది, దానికి వేరే పుస్తకాలు కావాలి. ఇక్కడ నేను చెప్పేది జర్మన్ రాజ్యాల్లోనే పుట్టి, ఆ తరువాత విడిపోయినవారి గురించి.

ఉదాహరణకు జార్జి ముల్లర్‌ను తీసుకుంటాను. బ్రిస్టల్ అనాథ శరణాలయాల ముల్లర్ పేరు వినని తెలుగు క్రైస్తవ కుటుంబం అరుదు. గోదావరి డెల్టాతో ఆయనకు బీరకాయ పీచు చుట్టరికం కూడా ఉంది: ఆయన భార్య మేరీకి అన్నయ్య అయిన ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంటనే 1836లో విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతులు బయలుదేరి వచ్చి నరసాపురం ప్రాంతంలో పని మొదలుపెట్టారు. ముల్లర్ హాలె విశ్వవిద్యాలయంలో వేదాంతం చదివినవాడే అయినా, ఇంగ్లండులో మనుషుల చేతి అభిషేకాన్ని నిరాకరించి, 1830లో జీతం కూడా వద్దని అధికార సంఘానికి బయటే నిలిచాడు. కాబట్టి మన ప్రశ్నకు ఆయన సరిపోతాడు.

ఆయన మాటనే మొదటి సాక్ష్యంగా పెట్టుకోవడం

బోధకుడు స్వయంగా తన పుట్టుక గురించి రాసిన వాక్యాలుంటే వాటిని ఒక తెల్లకాగితం మీద ఎత్తి రాసుకుని, ఒక్కొక్క మాట పక్కన అది ఏ రికార్డులో తేలాలో రాయాలి. ముల్లర్ తన ఆత్మకథలో ఇచ్చిన సమాచారం ఇది: 1805 సెప్టెంబర్ 27న ప్రష్యా రాజ్యంలో హాల్బర్‌ష్టాట్ దగ్గరి క్రోపెన్‌ష్టెట్‌లో జననం, 1810 జనవరిలో కుటుంబం నాలుగు మైళ్ల దూరంలోని హైమర్స్‌లేబెన్‌కు మారడం, అక్కడ తండ్రికి ఎక్సైజు వసూలు ఉద్యోగం, హాల్బర్‌ష్టాట్‌లో చదువు, 1820లో తనకు 14 ఏళ్లున్నప్పుడు తల్లి మరణం, ఆ ఏడాదే కన్ఫర్మేషన్ (సంఘంలో సభ్యుడిగా స్థిరపరిచే ఆచారం), 1821లో తండ్రికి మాగ్డెబుర్గ్ దగ్గరి షోనెబెక్‌కు బదిలీ. నాలుగైదు వాక్యాలే గానీ, వీటి వెనక కనీసం మూడు ఊళ్ల రిజిస్టర్లు, ఒక ప్రభుత్వోద్యోగి ఫైలు ఉన్నాయి.

ఇందులో నన్ను ఎక్కువ రోజులు ఆపింది హైమర్స్‌లేబెన్ అనే పేరు. జర్మనీ పటం మీద ఆ పేరుతో, ఆ చోట ఊరు కనబడదు. నాలుగు మైళ్లు అన్నాడు కదా, ఏ మైలు? ఇంగ్లిషు మైళ్లయితే ఆరున్నర కిలోమీటర్లు కూడా కాదు, ఆ దూరంలో హాడ్మర్స్‌లేబెన్ అనే ఊరు ఉంది. పాత జర్మన్ మైలయితే ఒక్కొక్కటి దాదాపు ఏడున్నర కిలోమీటర్లు, అంటే మొత్తం 30 కిలోమీటర్లు. అప్పుడు ఉత్తరాన ఉన్న ఐమర్స్‌లేబెన్ లాంటి ఊళ్లను కూడా పరిశీలించాల్సి వస్తుంది. ఆయన రాసింది ఇంగ్లిషు పాఠకుల కోసం కాబట్టి నేను మొదటి లెక్కనే తీసుకుంటాను. అయితే అది ఊహ మాత్రమే, రుజువు కాదు. రుజువు ఎలా వస్తుందంటే, తల్లి 1820లో చనిపోయిందన్నాడు, కుటుంబం షోనెబెక్‌కు వెళ్లింది 1821లో, కనుక ఎక్సైజు అధికారి ముల్లర్ భార్య సమాధి నమోదు 1820లో హాడ్మర్స్‌లేబెన్ పుస్తకంలో ఉండాలి. ఉంటే ఊరు తేలినట్టే, లేకపోతే రెండో ఊరికి వెళ్లాలి. ఊరి పేరు విషయంలో ఎప్పుడూ ఇలాగే ముందు అనుకుని తరువాత పరీక్ష పెట్టాలి. పేరు కలిసిందని సంబరపడితే మోసపోతాం. మన దగ్గరే రామవరం, మల్లంపల్లి, వెంకటాపురం ఎన్ని లేవు!

ఊళ్ల కోసం రెండు సాధనాలు చాలు. 1912 నాటి మేయర్స్ గెజిటీర్ ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంది, ఊరు ఏ జిల్లాలో ఉండేదో, అక్కడ సంఘపు గుడి ఉండేదో లేదో చెప్తుంది. జర్మన్ వంశశాస్త్ర సంఘం కంప్‌జెన్ నడిపే గవ్ అనే ఊళ్ల డేటాబేస్‌లో ఏ కాలంలో ఆ ఊరు ఎవరి పాలనలో ఉండేదో దొరుకుతుంది. పాలన ఎందుకంటే, ముల్లర్ పుట్టినప్పుడు ప్రష్యాది అయిన ఆ నేల 1807లో నెపోలియన్ తమ్ముడు జెరోమ్ రాజుగా ఉన్న వెస్ట్‌ఫేలియా రాజ్యంలోకి పోయి, 1813 తరువాత మళ్లీ ప్రష్యాకు వచ్చింది. ఆ మధ్యకాలంలో ఫ్రెంచి పద్ధతిలో పౌర రిజిస్టర్లు పెట్టారు, చాలాచోట్ల వాటిని రాసింది కూడా పాదిరులే. కాబట్టి 1808–1813 మధ్య పుట్టిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా ఉంటే వారి కోసం గుడి పుస్తకంతో పాటు ఆ పౌర రిజిస్టర్ కూడా చూడాలి. నిజాం రాజ్యంలో పుట్టి హైదరాబాద్ రాష్ట్రంలో చదివి, ఆంధ్రప్రదేశ్‌లో ఉద్యోగం చేసి, తెలంగాణలో పింఛన్ తీసుకున్న మన పెద్దలు ఊరు కదలకుండానే ఎన్ని ప్రభుత్వాల కాగితాల్లో ఉన్నారో తలుచుకుంటే ఈ సంగతి సులువుగా అర్థమవుతుంది.

తండ్రి ఉద్యోగం ఇంకొక హెచ్చరిక. వసూలు అధికారి అంటే బదిలీల మనిషి. తహసీల్దారు పిల్లవాడు పరకాలలో పుట్టాడు కాబట్టి వాళ్ల సొంతూరు పరకాల అని ఎవరూ అనరు గదా. క్రోపెన్‌ష్టెట్ బాప్తిస్మ పుస్తకంలో ముల్లర్ తాత పేరు దొరకలేదంటే పుస్తకం తప్పు కాదు, కుటుంబం అక్కడిది కాకపోవచ్చు. అప్పుడు ముందు పోవలసింది తల్లిదండ్రుల పెళ్లి నమోదు కోసం. పెళ్లి సాధారణంగా పెళ్లికూతురి ఊళ్లో జరిగేది, ఆ నమోదులో ఇద్దరి తండ్రుల పేర్లు, ఊళ్లు, వృత్తులు రాసే అలవాటుండేది. పెద్ద బిడ్డ పుట్టిన సంవత్సరం నుంచి వెనక్కి పదేళ్లు ఓపికగా తిప్పితే చాలాసార్లు దొరుకుతుంది.

పుస్తకం తెరిచాక

ప్రొటెస్టెంట్ గుడి పుస్తకాల స్కాన్‌లకు ప్రధానమైన చోటు ఆర్కియాన్ అనే జర్మన్ వెబ్‌సైటు. చందా కట్టాలి గానీ ఏ ఊళ్ల పుస్తకాలు ఉన్నాయో చూడటానికి డబ్బు అక్కరలేదు కనుక, ముందు చూసి తరువాతే చందా కట్టడం మంచిది. కాథలిక్ పుస్తకాలకు మాట్రికులా ఉచితం. ఫ్యామిలీసెర్చ్ కూడా ఉచితమే, దాని సూచికలో పేరు దొరికితే పని తొందరగా అవుతుంది. అయితే సూచిక రాసినవారు చేతిరాతను తప్పుగా చదివిన సందర్భాలు కోకొల్లలు, కాబట్టి సూచికను దారి చూపే బోర్డులాగే వాడుకోవాలి. క్రోపెన్‌ష్టెట్ ప్రాంతపు సంఘ పత్రాలకు పెద్ద దిక్కు మాగ్డెబుర్గ్‌లోని మధ్య జర్మనీ ఎవాంజెలికల్ సంఘపు ఆర్కైవ్. ప్రష్యాలో 1794 నాటి చట్టం ప్రకారం పాదిరి తన పుస్తకానికి నకలు తీసి న్యాయస్థానంలో దాఖలు చేయాల్సి ఉండేది. అసలు కాలిపోయినా, చెదలు తిన్నా 1805 నాటి నమోదుకు ఈ నకలు ఒక రెండో అవకాశం. ఆ ఫ్రెంచి కాలపు రిజిస్టర్లను మినహాయిస్తే, ప్రష్యాలో పౌర రిజిస్ట్రేషన్ 1874 అక్టోబర్‌లో, జర్మన్ సామ్రాజ్యమంతటా 1876 జనవరిలో మాత్రమే మొదలైంది కాబట్టి, అంతకు ముందు కాలానికి మున్సిపాలిటీకి ఉత్తరం రాసి లాభం లేదు.

అసలు కష్టం చేతిరాతది. కుర్రెంట్ అనే ఆ లిపి నేటి జర్మన్లలోనే చాలామందికి రాదు. పాత భూమి రికార్డులైన ఖాస్రా పహాణీలోనో సేత్వార్‌లోనో ఉర్దూ షికస్తా రాత చదివించుకోవడానికి పాత మున్షీ ఇల్లు వెతుక్కుంటూ తిరిగిన వరంగల్ రైతుకు ఈ బాధ కొత్త కాదు. నేను చేసిన పని చెప్తాను. ఒక పేజీని హనుమకొండ చౌరస్తాలోని జిరాక్స్ దుకాణంలో ఏ3 కాగితం మీద పెద్దదిగా ముద్రించుకుని, దాని మీద ట్రేసింగ్ కాగితం పెట్టి, ఆ పాదిరి కలం ఎటు పోయిందో పెన్సిల్‌తో అటే పోయాను. వారం రోజులు అర్థం తెలియకుండానే దిద్దాను. అప్పుడు కొన్ని సంగతులు వేళ్లకు తెలిశాయి. ఆ రాతలో ‘ఈ’ (e) అక్షరం అచ్చంగా ‘ఎన్’ (n) లాగా రెండు నిలువు గీతలుగా ఉంటుంది. ‘యూ’ అక్షరాన్ని వాటి నుంచి వేరు చేయడానికి పైన చిన్న కొడవలి గీత పెడతారు. మాట మధ్యలో వచ్చే ‘ఎస్’ పొడుగ్గా కిందికి దిగి ‘ఎఫ్’ లాగా భ్రమ కలిగిస్తుంది. ఒక ఊరట ఏమిటంటే, చాలామంది పాదిరులు వాక్యాన్ని కుర్రెంట్‌లో రాసి, మనుషుల పేర్లను మాత్రం మామూలు లాటిన్ అక్షరాల్లో రాసేవారు. ట్రాన్స్‌క్రిబుస్ అనే సాఫ్ట్‌వేర్ ఇప్పుడు ఈ రాతను చదివి టైపు చేసి ఇస్తుంది. వాడండి, కానీ పేర్ల విషయంలో దాన్ని నమ్మకండి. వాక్యంలో ఒక మాట తప్పితే పక్క మాటలు సర్దిచెప్తాయి, ఇంటిపేరుకు ఆ సాయం ఉండదు.

తేదీల విషయంలో నా పొరపాటు ఒకటి ఒప్పుకుంటాను. 1700ల నాటి ఒక పుస్తకంలో ‘7బ్రిస్’ అని ఉంటే ఏడో నెల కదా అని జూలై అని రాసుకున్నాను. లాటిన్‌లో ‘సెప్టెమ్’ అంటే ఏడు, కాబట్టి 7బ్రిస్ అంటే సెప్టెంబర్, 8బ్రిస్ అంటే అక్టోబర్, 9బ్రిస్ నవంబర్, 10బ్రిస్ డిసెంబర్. ఆ ఒక్క తప్పు వల్ల తల్లి పెళ్లికి, బిడ్డ పుట్టుకకు మధ్య నెలలు కుదరక, లేని నిందొకటి ఆ ఇల్లాలి మీద వేసి, రెండు నెలలు వేరే కుటుంబం వెంట తిరిగాను. నిజాం కాలపు ఫసలీ సంవత్సరానికి 590 కలిపి ఇంగ్లిషు సంవత్సరం తీయడం చిన్నప్పుడే నేర్చుకున్న నాకు ఇది తట్టకపోవడం సిగ్గుచేటే. 1700కు వెనక్కి వెళ్లేవారు ఇంకొకటి గమనించాలి. ప్రొటెస్టెంట్ జర్మన్ రాజ్యాలు ఆ ఏడాది ఫిబ్రవరి 18 తరువాత నేరుగా మార్చి 1కి దూకి కొత్త క్యాలెండర్‌లోకి వచ్చాయి, కాథలిక్ రాజ్యాలు చాలావరకు అంతకు వందేళ్లకు పైగా ముందే వచ్చేశాయి. పక్క పక్క ఊళ్ల రెండు తేదీలకు పది రోజుల తేడా ఉంటే అది తప్పు కాకపోవచ్చు.

పేర్లు. ముల్లర్ పూర్తి పేరు యోహాన్ గేయోర్గ్ ఫెర్డినాండ్ ముల్లర్. ఒక ఇంట్లో నలుగురు అన్నదమ్ములుంటే నలుగురి పేరూ యోహాన్‌తోనే మొదలు కావచ్చు, ఇంట్లో పిలిచేది రెండో పేరుతోనో మూడో పేరుతోనో. దీన్ని చూసి విస్తుపోనక్కరలేదు. కొమురెల్లి మల్లన్న, ఐలోని మల్లన్న మొక్కుల వల్ల మన పల్లెల్లో ఒకే వాడకట్టులో ఆరుగురు కొమురయ్యలు, నలుగురు ఐలయ్యలు, తాత పేరే మనవడికి పెట్టిన మల్లయ్యలు లేరా? వాళ్లను ఎలా వేరు చేస్తామో అలాగే చేయాలి: భార్య పేరు, ఇల్లు, వృత్తి, చనిపోయినప్పటి వయసు. ఇక ముల్లర్ అన్న ఇంటిపేరుకు అర్థం గిర్నీ నడిపేవాడు. ప్రతి ఊళ్లో ఒక గిర్నీ ఉండేది కనుక జర్మనీలో అన్నిటికంటే ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు ఇదే. ఇంగ్లండు, అమెరికా కాగితాల్లో అక్షరం మీది రెండు చుక్కలు పోయి, స్పెల్లింగ్ మారి, చివరికి మిల్లర్ కూడా అయింది. స్త్రీల ఇంటిపేరుకు పాత పుస్తకాల్లో ‘ఇన్’ అని తోక తగిలిస్తారు. ముల్లరిన్ అంటే వేరే వంశం కాదు, ముల్లర్ ఇంటి ఆడమనిషి.

బాప్తిస్మ నమోదులో అందరూ తండ్రి పేరు చూసి పేజీ తిప్పేస్తారు. నేనైతే జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు ముందు రాసుకుంటాను. బిడ్డను గుడి తొట్టి దగ్గర ఎత్తుకోవడానికి పిలిచేది మేనమామనో, పెద్దమ్మనో, తండ్రి పై అధికారినో. బదిలీల మీద కొత్త ఊరికి వచ్చిన కుటుంబం తన సొంత ఊరి నుంచి బంధువును పిలిపించుకుంటే ఆ బంధువు ఊరి పేరు అక్కడ పడుతుంది, వెనక్కి పోవడానికి అదొక్కటే దారి అయిన సందర్భాలున్నాయి. సమాధి నమోదులో వయసును సంవత్సరాలు, నెలలు, రోజులతో సహా రాసేవారు. మరణ తేదీ నుంచి ఆ లెక్క తీసివేస్తే పుట్టిన తేదీ వస్తుంది, రోజుల్లో కొద్దిపాటి తేడా సహజం. ముల్లర్ తల్లి సమాధి నమోదు అందుకే అంత విలువైనది. ఆమె వయసు, వీలైతే పుట్టింటి పేరు, ఒక్క వరుసలో వస్తాయి.

మొత్తం మీద ఈ ప్రాంతంలో ఎంత వెనక్కి పోవచ్చంటే, ముప్పై ఏళ్ల యుద్ధం (1618–1648) ఒక గోడలాంటిది. 1631లో మాగ్డెబుర్గ్ నగరమే కాలి బూడిదైంది, చుట్టుపక్కల చాలా ఊళ్లలో పుస్తకాలు యుద్ధం ముగిశాకే మొదలవుతాయి.

విభేదించినవాడి జాడ పోలీసు కాగితాల్లో

గుడి పుస్తకం వంశాన్నిస్తుంది. మనిషిని ఇచ్చేది మాత్రం అతని మీద పెట్టిన ఫైలు. 1825 నవంబర్‌లో ఒక శనివారం సాయంత్రం హాలెలో వాగ్నర్ అనే వర్తకుడి ఇంట్లో జరిగిన ప్రార్థన కూటానికి ముల్లర్ మొదటిసారి వెళ్లాడు. అక్కడ అచ్చువేసిన ఒక ప్రసంగాన్ని చదివారు తప్ప ఎవరూ వాక్యాన్ని వివరించలేదు, ఎందుకంటే అభిషిక్తుడైన పాదిరి లేనిచోట లేఖనాన్ని వివరించడం ప్రష్యాలో చట్టవిరుద్ధం. లే ప్రీచర్ అన్నవాడు నోరు తెరిస్తేనే నేరమైన దేశంలో అతని గురించి అధికారులు రాయకుండా ఉంటారా?

ఇప్టింగెన్ ఊరి నేతగాడు గేయోర్గ్ రాప్ (1757–1847) ఇందుకు మంచి ఉదాహరణ. వ్యూర్టెంబెర్గ్ రాజ్యంలో ప్రతి ఊళ్లో పాదిరి, ఊరి పెద్ద కలిసి కూర్చునే సంఘ పంచాయితీ ఒకటుండేది. మన పటేల్, పట్వారీల చావడి లాంటిదే అనుకోండి. గుడికి రావడం మానేశాడని, ఇంట్లో కూటాలు పెడుతున్నాడని రాప్‌ను 1785 నుంచి విచారించారు. ఆయన 1803లో అమెరికాకు వెళ్లి, వెనకే వచ్చిన అనుచరులతో హార్మనీ సమాజం అనే మత సమాజాన్ని స్థాపించాడు. ఇలాంటి విచారణ పత్రాల్లో నిందితుడి వయసు, వృత్తి, భార్య పుట్టింటివారు, కూటానికి వచ్చిన చుట్టాలు అందరూ కనిపిస్తారు. వ్యూర్టెంబెర్గ్ వారిని వెతికేవారికి ఇంకో అదృష్టం ఏమిటంటే, అక్కడ పెళ్లప్పుడు, చావప్పుడు ఇంట్లో ఉన్న సామానంతా, మగ్గం నుంచి చెంబుల దాకా, జాబితా రాసి వారసుల మధ్య పంపకం నమోదు చేసేవారు. ఆ జాబితా ఒకటి దొరికితే మూడు తరాల పేర్లు ఒకేసారి చేతికి వస్తాయి.

1708లో ష్వార్త్‌సెనౌ దగ్గర ఎడర్ నదిలో ఎనిమిది మంది తిరిగి బాప్తిస్మం తీసుకున్న గుంపుకు నాయకుడు అలెగ్జాండర్ మాక్. ఆయన ష్రీస్‌హైమ్ గిర్నీ యజమాని కొడుకు. పెద్దయ్యాక పసిపిల్లల బాప్తిస్మమే చెల్లదన్న ఆ మనిషి పుట్టుకకు మనకున్న ఆధారం 1679 జూలైలో రిఫార్మ్‌డ్ గుడిలో పసివాడుగా ఆయన పొందిన బాప్తిస్మపు నమోదే. ఆయన పిల్లలకు వచ్చేసరికి అలాంటి నమోదు ఆశించకూడదు. డిసెంటర్ తరం దాటి కిందికి దిగేకొద్దీ గుడి పుస్తకం పలచబడుతుంది, అక్కడి నుంచి పన్నుల జాబితాలు, ఆస్తి అమ్మకాలు, వలస అనుమతి పత్రాలు చూడాలి. ప్రష్యాలో 1847 నాటి సహన ఫర్మానా తరువాత, సంఘం వదిలినవారి జనన మరణ వివాహాలను న్యాయస్థానాలు వేరే పుస్తకంలో రాసేవి. 1847–1874 మధ్య వారికి అది తప్పక చూడవలసిన పుస్తకం.

ముల్లర్ విషయంలో జైలు కాగితం ఒకటి వెతకవచ్చు. హోటల్ బిల్లు ఎగవేసినందుకు 1821 డిసెంబర్ నుంచి 1822 జనవరి దాకా వోల్ఫెన్‌బ్యూటెల్‌లో ఖైదులో ఉన్నట్టు ఆయనే రాశాడు. ఆ ఊరు ప్రష్యాది కాదు, బ్రౌన్‌ష్వైగ్ డచీది. అందువల్ల ఆ పత్రాల కోసం మాగ్డెబుర్గ్‌కు రాస్తే ప్రయోజనం ఉండదు, లోయర్ సాక్సనీ రాష్ట్రపు ఆర్కైవ్‌కు వోల్ఫెన్‌బ్యూటెల్‌లోనే ఉన్న శాఖకు రాయాలి. తండ్రి ఉద్యోగపు ఫైలుకు మాత్రం సాక్సనీ-అన్‌హాల్ట్ రాష్ట్ర ఆర్కైవ్. సైనిక సేవ నుంచి మినహాయింపు వచ్చాకే 1829లో ఆయన లండన్ వెళ్లగలిగాడు గనుక సైన్యం రికార్డులు కూడా ఉంటాయని ఆశపడతాం. పోట్స్‌డామ్‌లోని ప్రష్యా సైన్యపు ఆర్కైవ్ 1945 ఏప్రిల్ బాంబు దాడిలో దాదాపుగా నాశనమైంది, ఆ వైపు సమయం వృథా చేసుకోవద్దు. హాలెలోని ఫ్రాంకె సంస్థల ఆర్కైవ్‌ను మాత్రం తెలుగువారు వదలకూడదు. పేద వేదాంత విద్యార్థులకిచ్చే ఉచిత గదిలో ముల్లర్ 1826లో రెండు నెలలు ఉన్నది అక్కడే, అంతకు ఎనభై ఏళ్ల ముందు, 1740ల్లో, మిషనరీ బెంజమిన్ షుల్ట్జే తెలుగు పుస్తకాలు అచ్చు వేయించిందీ ఆ ఊళ్లోనే.

ఇంగ్లండు వైపు

ఇది త్వరగా చెప్పవచ్చు. ఇంగ్లండులో పౌర రిజిస్ట్రేషన్ 1837 జూలై 1న మొదలైంది. అంతకు ముందు, 1753 చట్టం వల్ల, క్వేకర్లు, యూదులు తప్ప డిసెంటర్లందరూ ఆ దేశపు అధికార సంఘమైన ఆంగ్లికన్ గుడిలోనే పెళ్లి చేసుకోవాలి. కనుక 1830 అక్టోబర్ 7న జరిగిన ముల్లర్, మేరీ గ్రోవ్స్‌ల పెళ్లి నమోదును డిసెంటర్ల చాపెల్ పుస్తకాల్లో వెతకకూడదు, ఆంగ్లికన్ పారిష్ పుస్తకంలో వెతకాలి. మొదట్లో చెప్పిన సూత్రమే సముద్రం దాటినా వర్తించింది. 1851 నుంచి జనాభా లెక్కల్లో పుట్టిన చోటు అడిగారు గానీ, విదేశీయుల పక్కన చాలాసార్లు దేశం పేరు ఒక్కటే రాసి వదిలేశారు.

ఉత్తరం, చిట్టా

ఆర్కైవ్‌కు ఈమెయిల్ రాసేటప్పుడు మన అలవాటు ప్రకారం బోధకుడి మహిమను రెండు పేరాల్లో వర్ణించవద్దు. ఒక ఊరు, ఒక పేరు, ఒక సంఘటన, ఐదేళ్లకు మించని కాలవ్యవధి ఇచ్చి, రుసుము ఎంతో ముందు చెప్పమని అడిగితే జవాబు వస్తుంది. ‘ముల్లర్ వంశవృక్షం పంపగలరు’ అని రాస్తే రాదు, వచ్చినా మర్యాదగా తిరస్కరించే నాలుగు వాక్యాలే వస్తాయి. జర్మన్‌లో రాయడం రాకపోతే చిన్న చిన్న ఇంగ్లిషు వాక్యాలు చాలు.

ఇంటర్నెట్‌లో అప్పటికే అల్లిపెట్టిన వంశవృక్షాలు దొరుకుతాయి. కొన్నిటికి మూలం 1933–1945 మధ్య నాజీ ప్రభుత్వం ప్రతి ఉద్యోగి చేతా తానెవరి మనవడో రుజువు చేయించడానికి తయారు చేయించిన పూర్వీకుల పుస్తకాలు. వాటి పుట్టుక హేయమైనది, కానీ పాదిరి ముద్రతో ఎత్తి రాసిన నమోదులు వాటిలో ఉన్నాయి. అందువల్ల పారేయనూ వద్దు, అసలు పేజీ చూడకుండా నమ్మనూ వద్దు.

చిట్టా రాసుకునేటప్పుడు ప్రతి పేరు పక్కన మూడు గడులు పెట్టండి: ఏ ఊరి ఏ పుస్తకం, ఏ పేజీ, మీరు చూసింది అసలా నకలా సూచికా. జర్మన్లు జననానికి నక్షత్రం, మరణానికి శిలువ గుర్తు, పెళ్లికి ముడిపడిన రెండు సున్నాలు వాడతారు, మీరూ అవే వాడితే అక్కడివారికి చూపించడం తేలిక. దొరకని తాత గడిని ఖాళీగా వదలండి. సంచిక అచ్చుకు వెళ్లే ముందు రోజు సంపాదకుడు ఫోన్ చేసి, ఖాళీగా ఉంటే బాగుండదు, ఏదో ఒక పేరు చెప్పండి సార్ అంటాడు. నాకు రెండుసార్లు జరిగింది. ఆ గడిలో ‘నమోదు ఇంకా చూడలేదు’ అని అచ్చు వేయమని చెప్పాను, వేశారు.